ప్రింటర్ల నుంచి వీడియోకు వచ్చిన ఇంజనీరుకు పేటెంట్లు ఏం మిగులుస్తాయి?

ప్రశ్న: పదకొండేళ్ల పాటు ఒక ప్రింటర్ల తయారీ సంస్థలో నెట్‌వర్క్ ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ రాశాను. అక్కడ మంజూరైన నాలుగు అమెరికా పేటెంట్లలో సహ ఆవిష్కర్తగా నా పేరు ఉంది. మూడేళ్లుగా ఒక వీడియో స్ట్రీమింగ్ సంస్థలో పనిచేస్తున్నాను. ఈమధ్య ఒక ఇంటర్వ్యూలో నా పేటెంటు ఒకటి తెరిచి, మొదటి క్లెయిమును, అంటే హక్కు ఎంతవరకో నిర్వచించే వాక్యాన్ని, వివరించమన్నారు. నా పేరున్న పత్రమే నాకు అర్థం కాలేదు. ఇప్పుడు కొత్త ఆలోచన ఒకదానికి పేటెంటు దరఖాస్తు వేయబోతున్నాం. అందులో తన పేరు కూడా చేర్చమని మా మేనేజరు అడుగుతున్నారు. పైగా ఆ ఆలోచనకు మూలం నేను ప్రింటర్లలో చేసిన పనే కావడం మరో భయం. వచ్చే నెల ఒక సాంకేతిక సదస్సులో దాని గురించి మాట్లాడాల్సి ఉంది. ఈ పేటెంట్లు నాకు ఏమైనా ఉపయోగపడతాయా? ప్రింటర్లతో గడిపిన పదకొండేళ్లూ వృథా అయినట్టేనా?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో చాలా ప్రశ్నలున్నాయి గానీ, వాటన్నిటి అడుగునా ఉన్నది చివరి వాక్యంలోని దిగులేనని నాకు అనిపించింది. అందుకని ముందు దాని సంగతే చూద్దాం. మిగిలిన వాటికి జవాబులు అందులోంచే వస్తాయి.

ఆ పదకొండేళ్లూ వృథా కాలేదు. ఇది ఓదార్పు మాట కాదు, లెక్క వేసి చూపించగలిగిన విషయం. ఏ4 పేజీని అంగుళానికి 600 చుక్కల చొప్పున అచ్చువేయాలంటే ఒక్కో రంగుకు దాదాపు 3.5 కోట్ల చుక్కలు కావాలి. నిమిషానికి 30 పేజీలు వేసే ప్రింటరు రెండు సెకన్లకొక పేజీ చొప్పున, అంటే ఒక్క నలుపు రంగులోనే సెకనుకు సుమారు 1.7 కోట్ల చుక్కలు సిద్ధం చేసుకోవాలి. నాలుగు రంగుల ప్రింటరైతే దానికి నాలుగింతలు. 1920×1080 వీడియోలో ఫ్రేముకు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి, సెకనుకు 30 ఫ్రేములంటే 6.2 కోట్ల పిక్సెళ్లు. మీరు ఒక చిన్న రంగం వదిలి పెద్ద రంగానికి వచ్చానని అనుకుంటున్నారు కానీ, రెండు చోట్లా మోయాల్సిన బరువు దాదాపు ఒక్కటే.

గడువు విషయంలోనూ అంతే. మీకు తెలిసిందే అయినా ఇతర పాఠకుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. లేజర్ ప్రింటరులో కాగితం ఒకసారి డ్రమ్ము వైపు కదిలాక పేజీ మధ్యలో ఆగదు. మెమరీ తక్కువగా ఉన్న ప్రింటర్లలో పేజీని అడ్డ పట్టీలుగా విడగొట్టి, ఒక పట్టీ అచ్చవుతూ ఉండగానే తర్వాతి పట్టీని తయారుచేస్తారు. ఏదో ఒక పట్టీలో చిక్కుముడి లాంటి బొమ్మ పడి, అది సమయానికి తయారు కాకపోతే ఆ పేజీ సగంలోనే చెడిపోతుంది. ప్రింటరు తెర మీద కనిపించే ‘ప్రింట్ ఓవర్‌రన్’ సందేశానికి అర్థం అదే. ఆ పరిస్థితి రాకుండా ఏ పట్టీ ఎంత సమయం తీసుకుంటుందో ముందే అంచనా వేసి, కష్టమైన పట్టీలను పేజీ కదలకముందే తయారుచేసి పెట్టుకోవడం ప్రింటింగ్ ఇంజనీర్లు నేర్చిన విద్య. ఫ్రేముకు 33 మిల్లీసెకన్ల గడువుతో నడుస్తూ, కుదించిన వీడియోను విప్పే డీకోడరు ముందు కూర్చున్నప్పుడు మీకు కావలసింది కూడా ఆ విద్యే.

నెట్‌వర్కు వైపు చూస్తే పోలికతో పాటు ఒక ముఖ్యమైన తేడా కూడా కనిపిస్తుంది, మీ అనుభవం విలువ నిజానికి ఆ తేడాను గుర్తించడంలోనే ఉంది. 1999లో తొలి ప్రతి వెలువడిన ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్, అంటే మనం ఐపీపీ అని పిలిచేది, 631వ పోర్టు మీద పనిచేస్తుంది. క్లయింటు మొదట ప్రింటరును దాని లక్షణాలేమిటని అడుగుతుంది. ఏ ఫార్మాట్లు తెలుసు, రెండు వైపులా వేయగలవా, ట్రేలో కాగితం ఉందా అన్నవి తెలుసుకున్నాకే జాబ్, అంటే అచ్చువేయాల్సిన పని, పంపుతుంది. వీడియోను చిన్న ముక్కలుగా పంపే పద్ధతులైన హెచ్‌ఎల్‌ఎస్‌లోనూ, డాష్‌లోనూ ఇలాంటి బేరమే జరుగుతుంది. సర్వరు తన దగ్గరున్న బిట్‌రేట్ల పట్టికను ముందు పెడితే, ప్లేయరు తన డీకోడరు శక్తినీ, నెట్‌వర్కు వేగాన్నీ చూసుకుని కావలసిన ముక్కలను ఎంచుకుంటుంది. మన అధీనంలో లేని పరికరం ఒకటి అవతల ఉందని ఒప్పుకుని, దానితో మర్యాదగా మాట్లాడడం రెండు చోట్లా మొదటి పాఠం.

తేడా మాత్రం ఆలస్యం దగ్గర ఉంది. ప్రింటరు బఫరు నిండితే టీసీపీ విండో, అంటే ఇంకా ఎంత డేటా పంపవచ్చో చెప్పే పరిమితి, మూసుకుంటుంది, పంపే యంత్రం ఆగుతుంది, కాగితం పెట్టాక మళ్లీ కదులుతుంది. ఎంత ఆలస్యమైనా ఒక్క బైటు కూడా పోకూడదు, ఎందుకంటే అంకె ఒకటి రాలిపోయిన బిల్లు ఎవరికీ పనికిరాదు. ప్రత్యక్ష ప్రసారంలో ఇందుకు విరుద్ధంగా, సమయం దాటి వచ్చిన, వీడియోను మోసే ఆర్‌టీపీ ప్యాకెట్టును పారేసి ముందుకు పోవాలి. పోయిన ఫ్రేమును చూసేవాళ్లు క్షమిస్తారు గానీ ఆగిపోయిన బొమ్మను క్షమించరు. ఏది పోతే ఫర్వాలేదు, ఏది ఆలస్యమైతే ఫర్వాలేదు అన్న ఈ రెండు ప్రశ్నలను విడదీసి అడగగలిగిన మనిషి వీడియో బృందంలో అరుదు. ఒకే వైపు పనిచేసినవారికి రెండోది ప్రశ్నగానే కనిపించదు.

ఇంకో సంబంధం కూడా ఉంది, అది చెప్పకుండా ఉండలేను. నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు కలిసి 1974 జనవరిలో ప్రచురించిన డీసీటీ అనే గణిత పద్ధతి మీద, ఫొటోలను కుదించే 1992 నాటి జేపీఈజీ ప్రమాణం నిలబడింది. ఆ తర్వాత వచ్చిన ప్రధాన వీడియో కోడెక్‌లన్నీ (వీడియోను కుదించి, విప్పే పద్ధతులు) దాన్నో, దాని సన్నిహిత రూపాన్నో వాడుకున్నాయి. ఐపీపీ ద్వారా మీ పాత ప్రింటరుకు చేరిన జేపీఈజీ ఫొటోలోనూ, ఇప్పుడు మీ సర్వరు నుంచి వెళ్లే హెచ్.264 ఫ్రేములోనూ అడుగున ఉన్న గణితం ఒకటే కుటుంబానికి చెందినది.

ఇక పేటెంట్ల దగ్గరికి వద్దాం. పేటెంటు మీద మీ పేరు ఆవిష్కర్తగా ఉంటుంది, హక్కు మాత్రం మీరు ఉద్యోగ ఒప్పందంలో రాసిచ్చిన సంస్థది. ఇందులో అన్యాయం ఉందని కొందరు అంటారు, ఆ చర్చ ఇక్కడ వద్దు. కానీ ఈ విభజన మీ ఆలోచనలో స్పష్టంగా ఉంటే చాలా దిగుళ్లు తీరతాయి. కంప్యూటర్లను నెట్‌వర్కుగా కలిపే ఈథర్‌నెట్‌నే తీసుకోండి. 1975 మార్చిలో దాఖలై, 1977 డిసెంబరులో మంజూరైన ఆ పేటెంటులో మెట్‌కాఫ్, బోగ్స్, థాకర్, లాంప్సన్ అని నాలుగు పేర్లున్నాయి, హక్కుదారు జిరాక్స్. నెట్‌వర్కు మీద లేజర్ ప్రింటరును తొలిసారి పనిచేయించింది కూడా ఆ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధన కేంద్రమే. మెట్‌కాఫ్ 1979లో బయటికి వచ్చి 3కామ్ స్థాపించినప్పుడు తనతో తెచ్చుకున్నది పేటెంటు కాదు, ఆ సమస్య మీద తనకున్న పట్టు. డెక్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు 1980లో కలిసి ఆ ప్రమాణాన్ని ప్రచురించాయి, దాని మీద ఒక పరిశ్రమే లేచింది. మీ నాలుగు పేటెంట్ల విషయంలో కూడా మీకు మిగిలేది ఆ పట్టే. ఇంటర్వ్యూలో జారిపోయింది కూడా అదే కాబట్టి, ముందు దాన్ని తిరిగి చేతిలోకి తెచ్చుకోవాలి.

అందుకు చేయాల్సిన పని కష్టమైనది కాదు, ఓపిక కావాలి. ఒక్కో పేటెంటు తెరిచి మొదటి క్లెయిమును మాత్రమే ముందు పెట్టుకోండి. అది న్యాయవాది రాసిన ఒకే ఒక పొడవాటి వాక్యం. దాన్ని సెమీకోలన్ల దగ్గర విరిచి, ఒక్కో భాగాన్ని ఒక్కో వరుసలో రాసుకోండి. ఉదాహరణకు, సర్వరు జాబ్ అందుకోవడం ఒక భాగం, పరికరం లక్షణాలను అడగడం మరో భాగం, వచ్చిన జవాబును బట్టి పత్రాన్ని మార్చడం ఇంకొకటి, మార్చిన పత్రాన్ని గడువులోపల పంపడం చివరిది అనుకుందాం. వీటిలో ఏ మూడింటిని చేసినా, నాలుగోది గానీ దానికి సమానమైనది గానీ చేయనివారు ఆ క్లెయిమును ఉల్లంఘించినట్టు కాదు; క్లెయిములోని ప్రతి భాగమూ ఉన్నప్పుడే హక్కు వర్తిస్తుంది. ఆ వరుసల పక్కన, దరఖాస్తు నాటికి అందరికీ తెలిసినవి ఏవో, మీ బృందం కొత్తగా కలిపింది ఏదో గుర్తు పెట్టండి. సాధారణంగా కొత్తది ఒక వరుసలోనే ఉంటుంది. ఆ ఒక్క వరుస మీద పది నిమిషాలు మాట్లాడగలిగితే, ఏ ఇంటర్వ్యూలోనైనా మీరు తడబడరు. మంజూరైన పేటెంటులో ఉన్నదంతా బహిరంగ సమాచారమే కనుక దాని గురించి నిస్సంకోచంగా మాట్లాడవచ్చు. పాత సంస్థ కోడు, కొలతలు, వినియోగదారుల పేర్లు మాత్రం ఎక్కడా దొర్లనివ్వకండి.

రెజ్యూమెలో ‘నాలుగు పేటెంట్లు’ అని అంకె వేసి వదిలేయడం నాకు నచ్చదు. సంఖ్యను చూసి గౌరవించేవాళ్లు ఉన్నారు గానీ, మీరు కోరుకునే ఉద్యోగం ఇచ్చేవాళ్లు సాధారణంగా వాళ్లు కాదు. పేటెంటు సంఖ్య, మంజూరైన సంవత్సరం, అందులో మీరు చేసిన భాగం ఒక వాక్యంలో రాయండి. మంజూరు కానిదాన్ని దరఖాస్తు అనే చెప్పండి. దరఖాస్తులు సాధారణంగా దాఖలైన 18 నెలలకు బయటపడతాయి. అప్పటిదాకా సంస్థ అనుమతి లేకుండా వాటి ప్రస్తావన వద్దు. అలాగే మీ పాత పేటెంట్లు ఇంకా బతికే ఉన్నాయో లేదో చూసుకోండి. గడువు దాఖలైన తేదీ నుంచి 20 ఏళ్లు, కానీ అమెరికాలో మంజూరైన మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్లకు రుసుము కట్టకపోతే ముందే రాలిపోతాయి. సంస్థ వదిలేసిందని తెలిస్తే చిన్నబుచ్చుకోకండి, అది ఖర్చు లెక్కే గానీ మీ పని మీద తీర్పు కాదు.

హక్కు మీది కాదన్నదానికి ఇంకో ముఖం ఉంది. పేటెంటు చేతులు మారవచ్చు, ఎవరి చేతిలో పడుతుందో ఆవిష్కర్తకు తెలియకపోవచ్చు. నెట్‌వర్క్ స్కానరులో బటన్ నొక్కి పత్రాన్ని ఈమెయిలుకు పంపడం తమ పేటెంట్ల కిందకు వస్తుందంటూ, ఎంపీహెచ్‌జే టెక్నాలజీ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే సంస్థ అమెరికాలో వేలాది చిన్న వ్యాపారాలకు లేఖలు పంపి, ఉద్యోగికి దాదాపు వెయ్యి డాలర్ల చొప్పున అడిగింది. అది ఆ స్కానర్లు తయారుచేసిన సంస్థ కాదు, కొనుక్కున్న పేటెంట్లతో వచ్చిన సంస్థ. 2013లో వెర్మాంట్ రాష్ట్రం దాని మీద దావా వేసింది, 2014లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మోసపూరితమైన బెదిరింపులు మానాలని దానితో ఒప్పందం చేసుకుంది. మీ రంగంలో జరిగిన సంగతి కాబట్టి చెబుతున్నాను. క్లెయిము రాసేటప్పుడు నిజంగా కనిపెట్టినంత వరకే గీత గీయమని న్యాయవాదితో అనడం ఇంజనీరు చేయగలిగిన పని, చేయాల్సిన పని. అమెరికా సుప్రీం కోర్టు 2014లో ఇచ్చిన ఆలిస్ తీర్పు తర్వాత, తెలిసిన పనిని కంప్యూటరు మీద చేయడమే ఆవిష్కరణ అన్న ధోరణి అమెరికాలోనూ నిలవడం కష్టమైంది. మెమరీ ఎంత తగ్గింది, ఆలస్యం ఎక్కడ పోయింది అని చూపించగల క్లెయిములకే బలం ఎక్కువ.

వీడియోలో పేటెంట్ల వాతావరణం ప్రింటింగ్ కంటే వేడిగా ఉంటుందని మీరు ఈ మూడేళ్లలో గమనించే ఉంటారు. ప్రింటింగ్‌లో పేటెంట్లు ఎక్కువగా ఉత్పత్తుల ప్రత్యేకతలను కాపాడడానికి. వీడియోలో అవి ప్రమాణాల లోపలే కూర్చుని ఉంటాయి. 2003లో వచ్చిన హెచ్.264కు లైసెన్సుల ఉమ్మడి కూటమి ఒకటి ప్రధానంగా నిలిచింది. దాని తర్వాతి తరం కోడెక్‌గా 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీకి మూడు వేర్వేరు కూటములు తయారై గందరగోళమైంది. ఆ చిరాకు కూడా ఒక కారణంగా 2015లో అలయన్స్ ఫర్ ఓపెన్ మీడియా ఏర్పడి, 2018లో ఏవీ1 అనే కోడెక్‌ను విడుదల చేసింది. కాబట్టి మీరు ఎప్పుడైనా ప్రమాణాల కమిటీలో కూర్చుంటే, మీకు తెలిసిన పేటెంట్లను వెల్లడించే బాధ్యత మీ మీద వ్యక్తిగతంగా ఉండవచ్చు. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ నియమాలు అలాగే ఉన్నాయి. కూర్చునే ముందే వాటిని చదవండి.

మేనేజరు గారి కోరిక సంగతి. ఇందులో మొహమాటానికి చోటు లేదు. అమెరికా చట్టంలో ఆవిష్కర్త అంటే కనీసం ఒక క్లెయిములోని ఆలోచన రూపుదిద్దుకోవడంలో భాగం పంచుకున్న మనిషి. బడ్జెట్ ఇచ్చినవారు, సమావేశం పెట్టినవారు, ఇతరుల ఆలోచనను చెప్పినట్టు కోడుగా మార్చినవారు ఆ నిర్వచనంలోకి రారు. పొరపాటున తప్పిన పేర్లను తర్వాత సరిచేయవచ్చు గానీ, తెలిసి చేసిన తప్పు బయటపడితే పేటెంటే పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. ఆ నష్టం సంస్థది, మేనేజరుది కూడా. అందుకని ఆయనతో పదవి గురించి, న్యాయం గురించి వాదించకండి. క్లెయిముల ముసాయిదా వచ్చాక దాన్ని ఆయన ముందు పెట్టి, ‘సార్, వీటిలో మీ ఆలోచన ఏ క్లెయిములో ఉందో గుర్తుపెట్టండి, న్యాయవాదికి అలాగే రాసి పంపుతాను’ అని అడగండి. నిజంగా ఉంటే ఆయన చూపిస్తారు, మీరు సంతోషంగా చేర్చవచ్చు. ఒక్కోసారి మనం మరిచిపోయిన సూచన ఆయన నోట వచ్చి ఉంటుంది. లేకపోతే న్యాయవాది ఆయనకు నేరుగా వివరిస్తారు, ఆ మాట మీ నోటి నుంచి రానక్కర్లేదు. ఇదే కొలత కింది వైపు కూడా వర్తించాలని మీకు గుర్తుచేయాలి. మీ బృందంలో పరీక్షలు చేసే కుర్రాడో, కొత్తగా చేరిన అమ్మాయో ‘ఈ ముక్క ఆలస్యమైతే తర్వాతిదాన్ని చిన్నది అడగొచ్చు కదా’ అని ఒక మాట అని, ఆ మాట క్లెయిములోకి చేరి ఉంటే, వాళ్ల పేరు మీ పేరు పక్కనే ఉండాలి. మీరు చాట్‌లు, పాత డిజైన్ పత్రాలు వెతికి ఆ జాబితాను మీరే తయారుచేస్తే అన్నిటికంటే మంచిది.

పాత పని నుంచి ఆలోచన వచ్చిందన్న భయాన్ని రెండుగా విడదీసి చూడండి. పట్టీల తయారీని ముందే అంచనా వేయడం వంటి నైపుణ్యం మీది, దాన్ని ఎవరూ తీసుకోలేరు. కానీ పాత సంస్థకు చెందిన బతికున్న పేటెంటులోని ఏదైనా ఒక క్లెయిములోని ప్రతి భాగమూ మీ కొత్త పద్ధతిలో ఉంటే, అది మీరు కనిపెట్టిందే అయినా ఉల్లంఘనే అవుతుంది. తాను రాసిచ్చిన పేటెంటు చెల్లదని తర్వాత తానే వాదించడాన్ని అమెరికా కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. 2021లో సుప్రీం కోర్టు ఆ సూత్రానికి కొన్ని హద్దులు పెట్టింది గానీ దాన్ని కొట్టివేయలేదు. అందుచేత మీ పాత నాలుగు పేటెంట్ల సంఖ్యలను ఇప్పుడే మీ సంస్థ న్యాయవాదికి ఇవ్వండి. ఈ విషయాన్ని బృందం చాట్‌లో కాక ఆయనతో నేరుగా మాట్లాడండి. దరఖాస్తులో ఆ పాత పేటెంట్లను పేర్కొనడం కూడా అవసరం, ఎందుకంటే పరిశీలనకు ముఖ్యమైన, తనకు తెలిసిన పూర్వ సమాచారాన్ని దాచకూడదన్నది అమెరికాలో ప్రతి ఆవిష్కర్త మీదా ఉన్న బాధ్యత. పాత పేటెంటును పక్కన పెట్టి మీ కొత్త వరుస ఏదో చూపించగలిగితే దరఖాస్తు బలహీనపడదు, ఇంకా గట్టిపడుతుంది.

అన్నిటికంటే తొందరగా చూడాల్సింది సదస్సు ప్రసంగం. అమెరికాలో ఆవిష్కర్త తన ఆలోచనను బయటపెట్టాక దరఖాస్తు వేసుకోవడానికి ఏడాది వెసులుబాటు ఉంది గానీ, యూరప్‌లో దాదాపు లేదు. ప్రసంగం అయిన మరుక్షణం అక్కడి హక్కు పోయినట్టే. పైగా 2013 మార్చి 16 నుంచి అమెరికాలో కూడా ముందు దాఖలు చేసినవారికే ప్రాధాన్యం. మీ నివాసదేశాన్ని బట్టి, విదేశంలో దాఖలు చేయడానికి ముందస్తు అనుమతి కూడా అవసరం కావచ్చు. భారతదేశంలో ఆ నియమం ఉంది, దానికీ కొన్ని వారాలు పడుతుంది. పూర్తి క్లెయిములు తయారయ్యేదాకా ఆగకుండా ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయవచ్చు, తర్వాత పూర్తి దరఖాస్తుకు 12 నెలలు ఉంటాయి. అయితే అందులో రాయనిదానికి ఆ తేదీ వర్తించదు కనుక, బొమ్మలూ, ప్యాకెట్ల వరుసా, విఫలమైన సందర్భాలూ అన్నీ అందులో ఉండేలా చూడండి. ఈ వారంలోనే న్యాయవిభాగానికి సదస్సు తేదీ, నిర్వాహకులు ప్రసంగ సారాంశాన్ని ప్రచురించే తేదీ రెండూ తెలియజేయండి. సారాంశం చాలాసార్లు ప్రసంగానికి వారాల ముందే బయటికి వస్తుంది, గడువుగా లెక్కపెట్టుకోవాల్సింది దాన్నే.